బెండ మడిలో అబేకె జుట్టు

పొద్దున్నే కొట్టు ముందు ఊడ్చి, పీట వేసి, దువ్వెనలు కడిగి పెట్టుకోవడం అబేకె అలవాటు. మా ఇసెయిన్ ఊరి బజారులో ఆమె అల్లిన జడలు పండగ దాటినా చెక్కుచెదరవు. అలాంటి మనిషికి పేనుకొరుకుడు పట్టుకుంది. ముందు చెవి వెనక, తర్వాత నడినెత్తిన, నున్నగా గుండ్రటి మచ్చలు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మచ్చల్లోకి సూదులు పొడిచి, పూతమందు ఇచ్చి, ఇది అంటుకునే జబ్బు కాదంది. జుట్టు మళ్లీ మొలవొచ్చట, మొలవకపోవచ్చట.

అంటదని బజారుకెవరు చెప్పాలి? తలగుడ్డ ఒక్కసారి జారింది, అంతే. తన తలే కాపాడుకోలేనిది మన తలలేం చూస్తుందని ఒక్కొక్కరే రావడం మానేశారు. పెళ్లికూతురు రొమోకె తల్లి కూడా వచ్చి, పెళ్లిజడలు వేరేవాళ్లతో వేయించుకుంటామని చెప్పిపోయింది. ఆ పనీ పోతే ఇక కొట్టు మూసుకోవాల్సిందే. అబేకె ఆ పూట అన్నం ముట్టలేదు.

మా యోరుబావాళ్లు రాలిన జుట్టు ఎక్కడపడితే అక్కడ పారెయ్యరు. అబేకె తల్లి అసాబి కూతురి తలనుంచి రాలినదాన్ని పెరట్లో బెండ మడిలో పాతిపెట్టేది. వానలు పడగానే అది మొలిచింది, ఒత్తుగా, ఉంగరాలు తిరిగి. అసాబి బెండమొక్కలతోపాటే దానికీ నీళ్లు పోసి, మేకలు రాకుండా ముళ్లకంప నాటి, సాయంత్రాలు కూర్చుని అల్లేది. రాళ్లున్నచోట మొలవలేదు. ముసల్ది రాళ్లు తియ్యలేదు, వాటి చుట్టూ పాయలు తిప్పింది. నీళ్లకెళ్లే ఆడవాళ్లు కంప మీదుగా చూసి, రాళ్ల దగ్గరే అల్లిక అందంగా ఉందని మెచ్చుకునేవారు.

ఆ మాట అబేకె చెవిన పడింది. చాలాసేపు మడి దగ్గరే నిలబడింది. మర్నాడు తల్లిని కొట్టుకి తీసుకెళ్లి, నలుగురూ చూస్తుండగా తలగుడ్డ తీసి పీట మీద కూర్చుంది.

"మడిలో అల్లినట్టే అల్లమ్మా. ఒక్క మచ్చ కూడా కప్పొద్దు."

"సిగ్గుపడవు కదా?"

"పడ్డది చాలు."

అసాబి ఒక్కో మచ్చ చుట్టూ సన్నటి జడ తిప్పింది. బజారంతా మూగింది. అద్దంలో చూసుకున్న అబేకెకి ఎన్నాళ్లకో తన తలంటే గర్వం కలిగింది. గుంపును తోసుకుంటూ రొమోకె వచ్చింది, వెనకే మొహం ముడుచుకుని వాళ్లమ్మ.

"అక్కా, నా జడలు నువ్వే అల్లాలి. నీ నెత్తిమీది ఆ చందమామలు కూడా కావాలి. అవసరమైతే అక్కడక్కడ గొరిగెయ్యి."

అబేకె లేచి పీట దులిపి, పిల్లని కూర్చోబెట్టింది.

"జడలు అల్లుతాను తల్లీ. చందమామలు మాత్రం గొరిగితే వచ్చేవి కావు. అవి నావి."