ఆదివారం గడిలో టిక్కు

"మా కోడలికి ఆకలే ఉండదండీ," అని అత్తగారు అతిథులతో మెచ్చుకోలుగా అంటున్నప్పుడు, ఆ కోడలు వంటగదిలో నిలబడి గిన్నె అడుగున మిగిలింది గరిటెతో గోకి తింటోంది. ఆకలి లేకపోవడమేం, కడుపులో కరకరలాడుతోంది. కానీ పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఆమెకున్న మంచిపేరంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది. చేతులారా ఎవరు పోగొట్టుకుంటారు?

నిజానికి ఆ ఆదివారం ఆమె ల్యాబులో ఉండాలి. ఆమె క్యాన్సర్ పరిశోధనశాలలో టెక్నీషియను. వెచ్చటి అరల్లో, చిన్న చిన్న పళ్లేల్లో పెరిగే క్యాన్సర్ కణాలకు మూడు రోజులకోసారి పాత ద్రవం తీసేసి, చక్కెర కలిసిన కొత్త ద్రవం పోయాలి. కణాలకు సెలవులుండవు. ఆ సంగతి పొద్దున చెబితే భర్త నవ్వాడు. "అవేమన్నా పాలకేడ్చే పిల్లలా? ఒక్కపూట ఆగలేవా? మా ఆఫీసరు కుటుంబంతో వస్తుంటే నువ్వు లేకపోతే ఏం బాగుంటుంది?" ఆమె ఆగిపోయింది. మర్నాడు అత్తగారి కంటిపరీక్ష. మంగళవారం వెళ్లి చూస్తే, గులాబీరంగులో ఉండాల్సిన ద్రవం పాతబడి పసుప్పచ్చగా మారిపోయి ఉంది. నోటుబుక్కులో మాత్రం ఆదివారం గడిలో టిక్కు ఉంది. ఎలాగూ వస్తాను కదా అని శనివారమే పెట్టేసుకుంది. రేపటి పని ఇవాళే అయిపోయిందనుకుంటే తప్ప నిద్రపట్టని మనిషి మరి.

ఆ రోజే అన్ని పళ్లేలకూ కీమోమందు వేశారు. ఆమె నోరెత్తలేదు. వారం తిరిగేసరికి మిగతావాళ్ల పళ్లేల్లో కణాలన్నీ ఊడ్చిపెట్టుకుపోయాయి. ఆమె చూసుకునే పళ్లెంలో మాత్రం ఒక మూల గుప్పెడు కణాలు బతికి ఉన్నాయి.

ల్యాబు పెద్ద, అందరూ మేడమ్ అని పిలిచే ఆవిడ, సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తలేదు చాలాసేపు. "వీటినే క్యాన్సర్ మూలకణాలంటాం. మందుకి చావవు. రోగం తగ్గిందనుకున్నాక మళ్లీ తిరగబెట్టేది వీటివల్లే. ఇవెలా మిగిలాయో తెలిస్తే చాలు," అంది. ఆ ప్రయోగం మళ్లీ చేసి చూపించమని పరిశోధన చేస్తున్న అమ్మాయికి అప్పజెప్పింది. ఆ అమ్మాయి, టెక్నీషియను నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు, ఒక్క పూట కూడా తప్పకుండా ద్రవం మార్చింది. నాలుగు నెలలు. ప్రతిసారీ కణాలన్నీ చచ్చిపోయాయి.

ఆ పాత పళ్లెంలోని కణాలను దాచి పెంచే పని మాత్రం టెక్నీషియనుదే. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక ఆమె సూక్ష్మదర్శినికి కళ్లానించేది. కింద వెలుగు, ఆ వెలుగులో నిదానంగా ఊపిరి తీస్తున్నట్టుండే కణాలు. వాటికి తొందర లేదు. చకచకా చక్కెర తిని, చకచకా రెండయ్యే కణాలను మందు పట్టేసుకుంటుంది. ఇవి తిండి తగ్గించుకున్నాయి. ఒక్కోదాని లోపల మెరిసే సన్నటి నూనెచుక్కలు. లోపల దాచుకున్న కొవ్వునే కొంచెం కొంచెం కాల్చుకుంటూ, కిక్కురుమనకుండా ఉన్నాయి. చూస్తూ చూస్తూ ఆమె ఆ గులాబీ నీళ్లలోకి దిగిపోయేది. అక్కడ వెచ్చగా ఉండేది. పిలిచేవాళ్లు లేరు. ఆమె కూడా ఒక మూల మోకాళ్లు ముడుచుకుని వాటి పక్కన కూర్చునేది. ఎక్కడో పైనుంచి అత్తగారి గొంతు వినిపించేది: మా కోడలికి ఆకలే ఉండదండీ. అవునవును, మాకెవ్వరికీ ఉండదు అనుకుని నవ్వుకునేది. వాటి ఓర్పు చూస్తే ఆమెకు గర్వంగా ఉండేది. ఒకరోజు ఆ గర్వం మధ్యలో ఒళ్లు జలదరించింది. ఇవి ఎవరి తల్లి ఒంట్లోనో మళ్లీ లేచే కణాలు. ఓర్చుకున్నదల్లా మంచిదని తనకెవరు చెప్పారు?

ఆ సాయంత్రం చల్లగదిలో సీసాల అర వెనక ఆ అమ్మాయి ఏడుస్తూ కనిపించింది. "సోమవారానికి కూడా ఫలితం రాకపోతే వేరే పని చూసుకోమన్నారక్కా. నా చేతిలోనే ఏదో దోషముంది."

ఇంటికెళ్లి ఆ టిక్కు సంగతి భర్తతో చెప్పింది. "దొంగరాత రాశావని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఎవరో పిల్ల కోసం నీకెందుకు? ఊరుకో," అన్నాడతను. "పోతే పోయిందిలేరా, ఇంట్లో నాకు ఆసరాగా ఉంటుంది," అంది అత్తగారు.

సోమవారం సమావేశంలో ఆ అమ్మాయి లేచి నిలబడి, ఈసారీ ఫలితం రాలేదండీ అంది. మేడమ్ పెన్ను కింద పెట్టింది. అప్పుడు టెక్నీషియను పాత నోటుబుక్కు తెచ్చి బల్లమీద తెరిచింది.

"ఈ టిక్కు నేను ముందే పెట్టేశానండీ. ఆదివారం నేను రాలేదు. అయిదు రోజులు వాటికి తిండి లేదు. ఈ అమ్మాయి చేతిలో దోషమేం లేదు, వేళకి పెట్టడమే పొరపాటైంది."

మేడమ్ ఆమెనీ, పుస్తకాన్నీ మార్చి మార్చి చూసింది. "నాలుగు నెలలు," అంది మెల్లగా. "మీ సంగతి తర్వాత మాట్లాడతాను. ముందు దిద్దండి. కారణం కూడా రాయండి."

ల్యాబులో దిద్దుబాటుకో పద్ధతుంది. తప్పును చెరిపేయకూడదు. కింద ఉన్నది కనిపించేలా ఒక్క గీత గీసి, పక్కన నిజం రాసి, సంతకం చేయాలి. ఆమె టిక్కు మీద ఒక్క గీత గీసింది. "ద్రవం మార్చలేదు. ఇంట్లో పదకొండు మందికి వండుతున్నాను," అని రాసింది. సంతకం పెట్టింది. మేడమ్ ఆ వాక్యం రెండుసార్లు చదివి, పుస్తకాన్ని ఆ అమ్మాయి ముందుకు జరిపింది.

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర అందరికీ కంచాలు పెట్టి, పన్నెండేళ్లలో మొదటిసారి తనకీ ఒకటి పెట్టుకుని ఆమె కూర్చుంది. "నువ్వు తర్వాత తింటావుగా," అంది అత్తగారు, గరిటె ఆమెకేసి చాపుతూ.

"లేదత్తయ్యా," అంది. "నాకు ఆకలేస్తోంది."