డెక్కో పుట్టిల్లు

బాలశౌరి మాస్టారి థీసిస్‌లో అయిదో అధ్యాయం టైపు చేయడం అది మూడోసారి. ఒరిజినల్‌తో కలిపి నాలుగు కాపీలు, మధ్యలో మూడు కార్బన్లు. ఒక్క అక్షరం తప్పు పడితే నాలుగు కాగితాల మీదా విడివిడిగా చెరపాలి. ఆయనకేం, సాయంత్రం గవర్నర్‌పేటలో మా ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి వచ్చి "అమ్మాయ్, చిన్న మార్పు" అంటారు. ఆ చిన్న మార్పు ఏనాడూ పదిహేను పేజీలకు తగ్గలేదు.

ఆయన కాలేజీలో ఇంగ్లీషు చెబుతారు. తెల్ల సైనికులు తమలో తాము వాడుకునే మోటుమాటల మీద డాక్టరేటు చేస్తున్నారు. ఈ అధ్యాయమంతా 'డెక్కో' అనే ఒక్క మాట గురించే. ఓ చూపు చూడటం అని అర్థం. చిన్నప్పుడు చర్చి ఫాదర్ల సెమినరీలో లాటిన్ చదివారు కాబట్టి అది లాటిన్‌లోంచే పుట్టి తీరాలని ఆయన పట్టు.

మొదటిసారి టైపు చేసినప్పుడే చెప్పాను.

"మాస్టారూ, అది మా ఉర్దూ 'దేఖో' అండీ. చూడు అని. మా అమ్మ రోజుకి వందసార్లు అంటది. ఇక్కడున్న సోల్జర్లు మావాళ్ల దగ్గర నేర్చుకునుంటారు."

ఆయన నవ్వారు. "మీ అమ్మ ఏ యూనివర్సిటీలో చదివింది జహీదా?"

ఒళ్లు మండిపోయింది. తను పస్తుండి నాకు టైపు నేర్పించిన మనిషి మా అమ్మ. ఆయనన్న మాట ఇంట్లో చెప్పలేదు.

మొన్న వాల్తేరు నుంచి గైడుగారి ఉత్తరం వచ్చింది. అది హిందుస్తానీ 'దేఖో' అని పెద్ద నిఘంటువుల్లోనే ఉందనీ, అధ్యాయం తిరగరాయమనీ చీవాట్లు. మాస్టారు కొత్త ప్రతి పట్టుకొచ్చారు. నేను ఆశపడ్డాను. పేజీ అడుగున చిన్న అక్షరాల్లోనైనా అమ్మ ప్రస్తావన ఉంటుందేమోనని.

మొదటి వాక్యం ఇదీ: 'ఈ మాట హిందుస్తానీదని నేను మొదటినుంచీ అనుమానిస్తూనే ఉన్నాను.'

"ఆగిపోయావేంటమ్మా? సోమవారానికల్లా పంపాలి."

మెషీన్‌లోంచి నాలుగు కాగితాలూ లాగేశాను.

"మిగతాదంతా కొట్టిపెడతానండీ. ఆ వాక్యం మాత్రం నేను కొట్టను. అది అబద్ధం."

ఆయన ముఖం జేవురించింది. ఇంకొకరి దగ్గరకు వెళ్లొచ్చు, కానీ ఆయన రాసే ఆ కోడిగీతలు చదవగలిగేది ఊళ్లో నేనొక్కదాన్నే. చివరికి పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశారు.

"మీ అమ్మగారి పేరేంటి?"

రెండేళ్లుగా నా చేత పని చేయించుకుంటున్నారు. ఆ పేరు అడగడం అదే మొదటిసారి.

"షేక్ నజీరా," అన్నాను. కోపం మాత్రం వీసమంతైనా తగ్గలేదు.