ఒక రోజు తప్పిన క్యాలెండర్

ఆ ఆఫీసులో వెబ్ పేజీలు కట్టేవాళ్ళందరికీ కలిపి ఒక ఉమ్మడి లైబ్రరీ ఉంది. బటన్లు, మెనూలు, పెట్టెలు, ఎవరు ఏది చేసినా అందులో పెడితే అందరూ వాడుకోవచ్చు. ఏర్పాటు బంగారం. చిక్కల్లా, పెట్టినవాడి పేరు దాని కింద ఉంటుంది, అది ఎక్కడ మొరాయించినా ఫోను వాడికే వస్తుంది. అందుకని ఎవరూ ఏదీ పెట్టేవారు కాదు. పక్కవాడి కోడ్‌ను చడీచప్పుడు లేకుండా కాపీ కొట్టుకునేవారు.

తేదీ ఎంచుకునే క్యాలెండర్ మన డెవలపర్ రాసిందే. సగం ఆఫీసు దాన్ని కాపీ చేసుకుంది, అందులోని తప్పుతో సహా. ఒక్కోసారి నొక్కిన తేదీ కాక ముందురోజు నమోదయ్యేది. సెలవుల పేజీలోనూ అదే ఉంది. కిందటేడు భార్యతో సముద్రం చూడ్డానికి అతను సెలవు పెట్టింది ఆ పేజీలోనే. ఇంకో రోజు ఉందనుకుని ఆవిడ ఇసుకలో కూర్చుని ఉండగా, ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది: ఇంకా రాలేదేం? ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు గానీ, ఇతను పెళ్ళాన్ని కూడా వెంటేసుకుని పడ్డాడు.

ఆవిడ లెక్కల టీచరు. అప్పట్నుంచీ తేదీల విషయంలో మొగుడి మాట నమ్మడం మానేసింది. అది అతనికి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఈ ఏడు మళ్ళీ వెళ్దామంటే, "ముందు నీ క్యాలెండర్ బాగుచెయ్యి, తర్వాత చూద్దాం" అంది.

తన కోడ్‌లో తప్పు వెంటనే దిద్దాడు. కానీ కాపీలన్నీ వెతికి దిద్దాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఉమ్మడిలో పెట్టడమొక్కటే దారి.

లైబ్రరీకి కాపలా ఒక పెద్దాయన. అందరూ జల్లెడ అంటారు. ఆయన క్యాలెండర్ తెరిచి, మౌసు ఊడదీసి సొరుగులో పడేశాడు.

"ఇప్పుడు తేదీ ఎంచు."

"మౌసు లేకుండానా అన్నా?"

"మౌసు పట్టలేనివాళ్ళు సెలవు పెట్టుకోరా?"

కీబోర్డుతో కదిలేలా చేసి తెచ్చాడు. అక్షరాలు పెద్దవి చేస్తే శనివారం వరస పెట్టె దాటి బయటికి పోతోందన్నాడు జల్లెడ. అదీ సర్దాడు. వాడే పద్ధతి రాయలేదన్నాడు. అదీ రాశాడు. అడుగడుగునా వంకే.

చివరికి, "కింద పేరు ఎవరిది? సెలవులో ఉన్నా ఫోన్ వస్తుంది మరి" అన్నాడు.

అక్కడ ఆగిపోయి, ఇంటికొచ్చి భార్యను అడిగాడు.

"నీదే పెట్టు. ఊరి మీద వదిలేసిన బిడ్డకి తండ్రెవరో తెలియాలిగా" అంది ఆవిడ.

పెట్టాడు. జట్లన్నీ కాపీలు పారేసి దాన్నే తెచ్చుకున్నాయి. దాంతోనే సెలవు పెట్టి, ఇద్దరూ మళ్ళీ అదే సముద్రానికి వెళ్ళారు.

కిందటేడు ఇసుకలోంచి లేచి వెళ్ళాల్సి వచ్చిన ఆఖరి రోజు రానే వచ్చింది. పొద్దున్నే లాడ్జి గదిలో ఫోన్ మోగింది. జల్లెడ. ఆవిడ లేచి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

"ఏమైంది అన్నా? పాడైందా?"

"ఏం కాలేదు. నేనూ దాంతోనే సెలవు పెట్టాను." జల్లెడ గొంతు తగ్గించాడు. "మా ఆవిడ నన్ను నమ్మట్లేదు. చేసినవాణ్ణే అడగమంది. తేదీ కచ్చితమేనా?"

"కచ్చితమే" అన్నాడతను, భార్యకు వినబడేలా.

ఆవిడ మడతపెట్టిన చీర మళ్ళీ కొక్కేనికి తగిలించింది. తర్వాత గోడ మీది కాగితం క్యాలెండర్ దగ్గరికెళ్ళి, ఓసారి చూసుకొచ్చింది.