దీవి నుంచి తెచ్చిన తోడు

అన్నపూర్ణమ్మ ఇంట్లో పెరుగుకి ఒక కథ ఉంది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆవిడ అది చెప్పకుండా వదిలిపెట్టేది కాదు. ఆవిడ అత్తగారు విశాఖపట్నంలో ఓడ ఎక్కేటప్పుడు ఒక గుడ్డపేలికని పెరుగులో ముంచి, ఎండబెట్టి, బొడ్లో దోపుకుందట. సింగపూర్ ఒడ్డుకి ఎదురుగా ఉన్న ఒక చిన్న దీవిలో మామగారికి పని దొరికింది. అక్కడ దిగిన మర్నాడు ఆ పేలికని గోరువెచ్చని పాలలో వేస్తే, తెల్లారేసరికి గడ్డపెరుగు! నిజమో, ముసలావిడ కల్పనో, చూడొచ్చినవాళ్ళెవరు? కానీ ఆ దీవిలో ఉన్న తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటా ఆ తోడే నడిచిందన్నది మాత్రం నిజం. ఫ్యాక్టరీల కోసం దీవి ఖాళీ చేయించిన రోజున, పడవలో కూర్చున్న ఆడవాళ్ళందరి ఒళ్ళోనూ తలా ఒక పెరుగు గిన్నె ఉందన్నదీ నిజమే.

అంత చరిత్ర ఉన్న పెరుగు సింగపూర్‌లో, బెడోక్‌లోని ఫ్లాట్‌లో శాంతి చేతిలో చచ్చిపోయింది.

శాంతి అన్నపూర్ణమ్మ కోడలు. ఆ ఏడాది జూన్‌లో అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. కొడుకు రమేష్‌ని ఆఫీసు మింగేసింది. రెండువేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ పిచ్చెక్కిపోతాయని అందరూ హడలిపోతున్న రోజులవి. ఇంటికీ ఆస్పత్రికీ తిరగడం శాంతి వంతయింది. ఒక మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి వచ్చి, ఫ్రిజ్ ముందే నిలబడి, చద్దన్నంలో గిన్నెడు పెరుగూ వేసుకుని ఆవురావురుమని తినేసింది. గిన్నె కడిగి బోర్లించాక గాని గుర్తు రాలేదు, తోడుకి చెంచాడైనా ఉంచలేదని. ఆకలి తప్ప ఆ పిల్ల చేసిన పాపమేమీ లేదు. అయినా ఆ రోజంతా దొంగతనం చేసినదానిలా తిరిగింది. కింద షాపులో ఒక కప్పు పెరుగు కొనుక్కొచ్చి, దాంతో తోడు పెట్టింది.

ఇల్లు చేరిన అన్నపూర్ణమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్ళు మూసుకున్నారు.

"చూశావా, మన పెరుగు మన పెరుగేనే. ఆస్పత్రిలో పెట్టిందీ ఒక పెరుగేనా?"

శాంతి సింకు వైపు తిరిగిపోయింది. అప్పుడే నోరు విప్పి ఉంటే నాలుగు తిట్లతో పోయేది. విప్పలేదు. కదపకుండా ఉంచితే అబద్ధం కూడా పెరుగులాగే గట్టిపడుతుంది.

డిసెంబరు సెలవులు దగ్గర పడ్డాయి. ఎదురు బ్లాకులో ఉండే కాత్యాయని, కంప్యూటర్ ఉద్యోగం మీద హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, ఒక సాయంత్రం ఊడిపడింది. కమ్యూనిటీ క్లబ్‌లో సెలవుల సంత పెడుతున్నారట. దీవుల్లో బతికిన జనం ఎలా వండుకున్నారో, ఏదీ పారెయ్యకుండా ఎలా బతికారో పిల్లలకి చూపించాలట. ప్లాస్టిక్ సంచులు ఉండవు, గిన్నెలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. మలయ్‌వాళ్ళు చాపలు అల్లుతున్నారు, చీనావాళ్ళు ఎండుచేపలు తెస్తున్నారు.

"మన తెలుగోళ్ళ దిక్కు నుంచి ఏం పెడదాం ఆంటీ?"

"తోడు," అన్నారు అన్నపూర్ణమ్మ తడుముకోకుండా. ఆ వెంటనే ఓడ, బొడ్లో పేలిక, పడవలో గిన్నెలు, కథంతా.

కాత్యాయని కుర్చీలోంచి లేచి నిలబడింది. "అయ్యో ఆంటీ, గిది కదా కావాల్సింది! వేస్ట్ లేదు, ప్యాకింగ్ లేదు, ఇన్నేండ్ల సంది నడుస్తనే ఉంది. మీదే ఫస్ట్ స్టాల్!"

ఆస్పత్రి నుంచి వచ్చాక అన్నపూర్ణమ్మతో ఎవరికీ పనిపడలేదు. ఆ రోజు నుంచి ఆవిడ కర్ర పట్టుకుని ఇంట్లో చకచకా తిరగసాగారు. ఏ చీర కట్టుకోవాలా అని అలమర తెరిచి కూర్చున్నారు. అది చూసిన కొద్దీ శాంతికి భయం పట్టుకుంది. ఇప్పుడు నిజం చెబితే ఆవిడ మళ్ళీ మంచానికి అంటుకుపోతారు. సంతలోగా అసలు తోడు ఎక్కడైనా దొరకాలి. అంతకంటే దారి లేదు.

దీవి ఖాళీ అయ్యాక ఊళ్ళో తలోచోటా స్థిరపడ్డ మనుషుల్ని వెతుక్కుంటూ బయల్దేరింది. క్లెమెంటిలో సుధామణి ఆంటీ నవ్వింది. "ఇంకా తోడు ఎవరు పెడతారే శాంతీ? కింద షాపులో కప్పు దొరుకుద్ది కదా." సెరంగూన్‌లో కొండయ్య అంకుల్ ఫ్రిజ్ తలుపు బార్లా తీసి చూపించాడు. గుడ్లు, బీరు. "మీ ఆంటీ పోయినాక పెరుగు ఎవరు చేత్తారమ్మా," అన్నాడు. దీవిలో ఉన్నప్పటి పక్కింటి అరుణమ్మని అడగడమొక్కటే మిగిలింది. ఆమె నంబరుకి ఫోన్ చేస్తే ఎవరో చీనా ఆయన ఎత్తి, "రాంగ్ నంబర్," అని పెట్టేశాడు. ఆమె ఎక్కడికి మారిపోయిందో ఎవరికీ తెలియదు.

సంత రోజు రానే వచ్చింది. అన్నపూర్ణమ్మ పట్టుచీర కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. పక్కన గరిటె పట్టుకుని శాంతి. ఎదురుగా, షాపు కప్పుకి పుట్టిన పెరుగు, రెండు పెద్ద గిన్నెల నిండా. జనం గ్లాసులూ డబ్బాలూ పట్టుకుని వరసలో నిలబడ్డారు. "రోజూ తోడు పెట్టుకోండి, ఆపకండి," అని ఆవిడ ఒక్కొక్కరికీ అప్పగింతలు పెడుతున్నారు. గరిటె ముంచిన ప్రతిసారీ శాంతికి ఆ వరస ముందు నుంచి పారిపోవాలనిపించింది.

"అక్కా!"

బక్కపల్చటి ముసలామె ఒకతె, చేతిలో మూతగిన్నె.

"ఒసేయ్ అరుణా! బతికే ఉన్నావటే!"

అరుణమ్మ ఆవిడ చేతులు పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. "వుడ్‌లాండ్స్‌లో కూతురి కాడ ఉన్నానక్కా. నువ్వు తోడు ఇత్తన్నావని గుడిలో చెప్పారు. ఒక్కదాన్నీ ట్రైనెక్కి వచ్చేశాను."

శాంతి గరిటె పక్కన పెట్టేసింది. "ఆంటీ, దీవి నుంచి తెచ్చుకున్న ఆ తోడు... మీ ఇంట్లో ఇంకా ఉందా?"

"లేకేం? అక్క ఇచ్చిందాన్ని ఒక్కపూట ఆపితే ఒట్టు. పాపతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా మా ఆయన చేత పెట్టించాను."

ఆ మాటతో శాంతికి ప్రాణం లేచొచ్చింది. ఈ సాయంత్రమే ఈమె వెంట వుడ్‌లాండ్స్ వెళ్ళాలి. ఒక్క చెంచా చాలు. తీసుకున్నవాళ్ళందరినీ మళ్ళీ పిలిచి ఇవ్వొచ్చు, అత్తగారికి ఎప్పటికీ తెలియనక్కర్లేదు.

"అయితే నా చేతిలో పడి కొంచెం పుల్లబడిపోయిందమ్మా," అంది అరుణమ్మ సిగ్గుపడుతూ. "అక్క కాడ అసలుదే దొరుకుతుంటే ఇంక అదెందుకు? పొద్దున్నే ఉన్నదంతా సింకులో పోసి, గిన్నె తోముకుని తెచ్చాను."

"అంతా పోసేశారా? ఫ్రిజ్‌లో... అడుగున ఒక్క చుక్కైనా..."

"ఏం మిగల్లేదమ్మా. శుభ్రంగా తోమాను, చూడు."

మూత తీసి చూపించింది. గిన్నె తళతళలాడుతోంది. లోపలి నుంచి నిమ్మసబ్బు వాసన కొట్టింది. అత్తగారి అత్తగారు సముద్రం దాటించి తెచ్చింది ఈ లోకంలో ఇక ఎక్కడా లేదని శాంతికి తెలిసిపోయింది. ఆ సంగతి తెలిసిన మనిషి తానొక్కతే.

"మంచి పని చేశావు," అన్నారు అన్నపూర్ణమ్మ సంబరంగా. "పొయ్యవే శాంతీ, అరుణకి రెండు గరిటెలు పొయ్యి."

శాంతి పోసింది. అరుణమ్మ చిటికెనవేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.

"అదే రుచక్కా," అంది. "అచ్చం దీవిలో తిన్నట్టే ఉంది."

శాంతి మూత పెట్టి, గిన్నెని రెండు చేతులా ఆమెకి అందించింది.