చిటికెడు పసుపు, తొంభై ఆరు మెసేజీలు

ఆర్మూరులో పసుపు పాలిషు పట్టే హన్మాండ్లు ఇంట్లో వాకిలి నుంచి వంటిల్లు దాకా పసుపు బస్తాలే. ఆ ఇంట్లో తుమ్మినా పచ్చగానే తుమ్ముతారని వాడకట్టు వాళ్ల ఎగతాళి. అలాంటి ఇంట్లో పిల్ల కావేరికి పూలూ పండ్లూ, అంటే పెళ్లి ఖాయం చేసుకునే వేడుక పెట్టుకుని, చుట్టాలను పిలవడానికి మాత్రం చిటికెడు పసుపు బయటికి తియ్యలేదు. కారణం ఉంది. రెండువేల ఏడులో హన్మాండ్లు సెల్లు ఫోను కొన్నాడు. దాంట్లో రోజుకు వంద మెసేజీలు ఉచితం. ఉచితం అనే మాట చెవిన పడగానే ఆయనకు ఉచితానుచితాలలో అనుచితం ఎగిరిపోయి ఉచితం ఒక్కటే మిగిలింది.

అంతకుముందు నోరు తెరిస్తే బస్టాండులో ఆగిన బస్సు కదిలేది. ఇప్పుడు ఆ నోటికి పింఛను ఇచ్చి బొటనవేలిని కొలువులో పెట్టుకున్నాడు. అరుగు మీద కూర్చుని, వంటింట్లో ఉన్న భార్య శాంతవ్వకు కొనిచ్చిన ఇంకో ఫోనుకు చాయ్ కావాలని మెసేజీ కొట్టేవాడు. శాంతవ్వకు చదువు రాదు. ఫోను కూసిందంటే చాయ్ అని గుర్తు పెట్టుకుంది. కంపెనీ వాళ్లు కొత్త పాట పెట్టుకొమ్మని మెసేజీ పంపినా హన్మాండ్లుకు చాయే వచ్చేది. రోజుకు పద్నాలుగు చాయ్‌లు తాగి, ఈ ఫోను వచ్చినంక నిద్ర పట్టడం లేదని అందరికీ చెప్పుకునేవాడు. అది కూడా మెసేజీలోనే.

వారం ముందే శాంతవ్వ కుంకుమ బరిణె తుడిచి పెట్టుకుంది. వాళ్ల చుట్టరికాల్లో పిలుపంటే ఇంటి ఆడమనిషి గడప తొక్కి ఆడవాళ్లకు బొట్టు పెట్టాలి, వెంట వెళ్లిన మగమనిషి నోటితో రమ్మనాలి. ఆ రెండూ జరగకపోతే గోడవతల ఉన్నవాళ్లు కూడా గోడవతలే ఉంటారు. ముందుగా ముప్కాల్ వెళ్లి అన్న సాయన్నను పిలవాలని ఆమె అడిగింది. మేనమామ చెయ్యి పట్టి పీట మీద కూర్చోబెట్టందే ఆ పిల్లకు పూలూ లేవు, పండ్లూ లేవు.

"ఊరూరు తిరుగుడేందే గీ జమానల? గిట్ల ఒత్తితే గట్ల పోతది," అన్నాడు హన్మాండ్లు.

"మా అన్న రాడు," అంది శాంతవ్వ. బరిణె మళ్లీ గూట్లో పెట్టేసింది.

ఆయన ఒత్తాడు. ఫోనులో ఉన్న పేర్లన్నిటికీ ఒకే దెబ్బకు. "శుక్రవారం మా కావేరి పూలు పండ్లు, అందరు రాగలరు, ఇట్లు హన్మాండ్లు" అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగును కూరి, తొంభై ఆరుగురికి పంపాడు. మేనమామకూ అదే, బోర్లు వేసే జయరాజ్‌కూ అదే, గ్యాసు బండ తెచ్చే మనిషికీ అదే. సాయంత్రానికి నలభై ఒక్క "ఓకే"లు వచ్చాయి. సాయన్న ఓకే, భీమ్‌గల్ వియ్యంకుడు లింగన్న ఓకే. హన్మాండ్లు వాటిని భార్యకు ఒక్కొక్కటే చూపించాడు. చదువు రాని ఆమె నలభై ఒకటీ ఓపిగ్గా చూసి, పొయ్యి మీద చాయ్ పెట్టింది.

శుక్రవారం పదకొండుంబావుకు ముహూర్తం. తొమ్మిదింటికి టెంటు కింద నూట యాభై కుర్చీలు వరుసగా నిలబడి ఉన్నాయి. కూర్చోవడానికి వచ్చింది ఐదుగురు. జయరాజ్ చర్చికి వెళ్లే తెల్లబట్టలు వేసుకుని, భార్య లిదియాతో గిఫ్టు పట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. పక్కన గ్యాసు మనిషి. వెనక నిజామాబాదులో పాలిషు డ్రమ్ముకు బేరింగులు అమ్మే ఆయనా, ఆయన తమ్ముడూ. చుట్టం అన్నవాడు ఒక్కడు లేడు.

"మాకు బొట్టుతోని పని లేదు గద అన్నా, మెసేజ్ జూసుకోని వచ్చేసినం," అన్నాడు జయరాజ్ సంతోషంగా. ఆ మాటతో హన్మాండ్లు నెత్తిన బోరు దిగింది, అది కూడా నీళ్లు పడని బోరు.

సాయన్నకు ఫోను చేస్తే మోగింది, ఎత్తలేదు. ఎక్కడిదాకా వచ్చారని మెసేజీ పెట్టాడు. ఓకే అని వచ్చింది. వస్తున్నారా అని మళ్లీ పెట్టాడు. మళ్లీ ఓకే. తాను పంపింది సందేశం, తనకు వచ్చింది సందేహం. లోపల కావేరి పట్టుచీర కట్టుకుని పీట వంక చూస్తూ కూర్చుంది. వంటవాళ్లు బియ్యం ఎసట్లో పొయ్యాలా వద్దా అని అడిగారు. హన్మాండ్లు మోటారు సైకిలు తీశాడు. పిలవకుండానే శాంతవ్వ బరిణె పట్టుకుని వెనక కూర్చుంది. ముప్కాల్ దాకా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఇరవై కిలోమీటర్ల పొడవున్న ఆ మెసేజీని మాత్రం ఆయన అక్షరం పొల్లు పోకుండా చదువుకున్నాడు.

సాయన్న ఇంటి ముందు ట్రాక్టరు ట్రాలీలో జంపఖానా పరిచి ఉంది. వాకిట్లో సాయన్న గంజి పెట్టిన ధోవతి కట్టుకుని, చేతికి గడియారం పెట్టుకుని కూర్చున్నాడు. భార్య సీతాబాయి పట్టుచీరలో ఉంది. పిల్లకు పెట్టే చీరె, గాజులు గంపలో సర్ది ఉన్నాయి. పక్క ఇళ్లలోని పాలివాళ్లు ఇరవై మంది తలలు దువ్వుకుని, పౌడర్లు కొట్టుకుని అరుగుల మీద కూర్చున్నారు. పొద్దున ఆరింటి నుంచి అందరూ తయారై, ఎవరో ఒకరు వచ్చి పిలవకపోతారా అని రోడ్డు చూస్తున్నారు.

శాంతవ్వ దిగి, వదినకు బొట్టు పెట్టి, ఆమె మెడ మీద పడి ఏడ్చింది. సీతాబాయి కళ్లు తుడుచుకుంటూ చాప పరిచింది. సాయన్న లేవలేదు.

"మా చెల్లె పిలిచింది. బావ ఇంక పిలువలే," అన్నాడు.

"వారం కిందనే పిలిస్తి గద బావా. ఓకే అని గూడ కొట్టినవ్."

"నాకేం ఎరుక గది? మా ఇంటి కాడి మాస్టర్ చదివి జెప్పి, ఓకే అని కొట్టిండు. మల్ల ఏమన్న వస్తే గదే కొట్టాలె అన్నడు. చూడు బావా, నేను నీకు చెల్లెనిచ్చిన. నువ్వు నాకు సెల్లు జూపిచ్చినవ్."

అరుగుల మీద నవ్వులు లేచాయి. హన్మాండ్లు చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. జేబులో బొటనవేలు ఫోను మీటల కోసం వెతుకుతోంది. బొటనవేలి వంక చూసి ఎవరూ లేచి రారని అర్థమయ్యాక చెయ్యి బయటికి తీసి, రెండోదానితో కలిపి దండం పెట్టాడు.

"తప్పయింది బావా. నువ్వు రాకుంటే నా బిడ్డ పీట మీద కూసోదు. ఇంటిల్లిపాది రాండ్రి. నడువుండ్రి."

సాయన్న వెంటనే లేచాడు. అరుగుల మీదివాళ్లు లేచారు. ట్రాలీ నిండుతోంటే హన్మాండ్లుకు ఊపిరి వచ్చింది. అప్పుడే సాయన్న ఒక కాలు ట్రాలీ మీద పెట్టి ఆగాడు.

"బావా, భీమ్‌గలోళ్లను పిలువ ఎవరు పోయిండ్రు?"

హన్మాండ్లు శాంతవ్వ వంక చూశాడు. శాంతవ్వ ఆకాశం వంక చూసింది.

"లింగన్న గూడ ఓకే అన్నడు," అన్నాడు చిన్నగా.

సాయన్న ట్రాక్టరును ఆర్మూరుకు తోలమని చెప్పి, సీతాబాయిని అందులో పంపాడు. తాను హన్మాండ్లు బండి నడిపే చోట కూర్చున్నాడు. మధ్యలో హన్మాండ్లు, వెనక బరిణెతో శాంతవ్వ. ముగ్గురు ఒక్క బండి మీద భీమ్‌గల్ చేరేసరికి ముహూర్తం దాటి గంట అయింది. అక్కడ లింగన్న ఇంటి ముందు అద్దెకు తెచ్చిన జీపు. పెళ్లికొడుకు శ్రవణ్‌కుమార్ చెమటకు తడిసిన కొత్త చొక్కాలో విసురుకుంటున్నాడు. పండ్ల గంపల మీద తడిబట్ట కప్పారు.

లింగన్న ముఖం మాడి ఉంది. "మూడు సార్లు తయారై మూడు సార్లు కూసున్నం. పిల్లనిచ్చేటోళ్లకు నోరు లేదా అని మావోళ్లు అడుగుతుండ్రు. ఇంకో అర్ధగంట అయితే బట్టలిప్పుతుంటిమి."

ఈసారి హన్మాండ్లును ఎవరూ నెట్టలేదు. గడప దాటి లోపలికి వెళ్లి, వరసలు పెట్టి ఒక్కొక్కరినీ పిలిచాడు. మంచంలో ఉన్న ముసలమ్మను రెండుసార్లు పిలిచాడు, ఆమెకు చెవుడు. శాంతవ్వ వెనకే బొట్లు పెట్టుకుంటూ వచ్చింది. తిరిగి వస్తూ దారిలోని చుట్టాల ఇళ్లలోనూ, ఆర్మూరులో తమ వాడకట్టులోనూ అలాగే గడప గడపా తొక్కారు, ఇల్లిల్లూ కదిలి వచ్చింది.

పంతులు వెతికి వెతికి మూడూ నలభైకి ఇంకో ముహూర్తం తీశాడు. సాయన్న కావేరి చెయ్యి పట్టి పీట మీద కూర్చోబెట్టాడు. పూలూ పండ్లూ మారాయి. నూట యాభై కుర్చీలు చాలక జయరాజ్ లేచి తన కుర్చీ ముసలమ్మకు ఇచ్చాడు.

భోజనాలయ్యాక పెద్దలు కూర్చుని పెళ్లికి పిలవాల్సిన ఇళ్లు రాసుకున్నారు. ధర్పల్లి నుంచి ముప్కాల్ దాకా నూట ఎనభై రెండు వచ్చాయి. బొట్లు పెట్టడానికి శాంతవ్వ, ఆమె వెంట నోటితో పిలవడానికి హన్మాండ్లు అని సాయన్న తీర్మానం చేశాడు. హన్మాండ్లు ఆ కాగితం రెండు వైపులా చదివి, రేపు ఎన్నింటికి బయలుదేరాలని భార్యను అడిగాడు.

"ఆరింటికి," అంది శాంతవ్వ. "చాయ్ నువ్వు పెట్టు."