చేపల్ని పిలిచే మిషన్

మా మేనల్లుడు పోతురాజు బెజవాడలో ఇంజనీరింగు చదివే రోజుల్లో, మా లంక చుట్టూ ఉన్న కొల్లేటి చేపలన్నీ ఒక్క పూటలో ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయాయి. నమ్మనివాళ్లు ఉంటారు. వాళ్లు ఆ రోజు నాతో పడవలో లేరు.

తోటి కుర్రాళ్లు ఆదివారం సినిమాకు వెళ్తే, వీడు ఇబ్రహీంపట్నం వెళ్లి అక్కడ కడుతున్న కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని చూసి వచ్చేవాడు. "ఏముందిరా అందులో?" అంటే, "పోయిన వారం కన్నా పెరిగింది మామా!" అని మురిసిపోయేవాడు. ఇంటికొస్తే మా అక్క పేరమ్మ గిన్నెలన్నీ గరిటెతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. శబ్దమంటే వాడికంత పిచ్చి. ఆ కొట్టుడికి గిన్నెలు ఎంత సొట్టలు పడ్డాయంటే, మా అక్క ఒకే గిన్నెలో ఒక్కో సొట్టలో ఒక్కో కూర వండేది.

ఆ వేసవి సెలవుల్లో ఓ మధ్యాహ్నం వాడు నిద్రలో కలవరించాడు. "ఫ్రీక్వెన్సీ... ఫ్రీక్వెన్సీ దొరికితే చాలు!"

అక్క గుండె పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "తమ్ముడూ, ఎవర్రా ఆ పిల్ల? పేరు చూస్తే పాస్టరు గారి అమ్మాయిలా ఉంది!"

వాణ్ని లేపి నిలదీశాం.

"పిల్ల కాదే అమ్మా, శబ్దం! ఒక్కో చేపకి ఒక్కో శబ్దం ఇష్టం. అది కనిపెట్టి నీళ్లలో మోగించామనుకో, పేరుపెట్టి పిలిచినట్టు వచ్చేస్తాయి."

అరుగు మీద వల బాగుచేసుకుంటున్న మా బావ కొండలయ్య తలెత్తాడు. ఆయనకు ఒక్కడే కొడుకు. గెడ వేసి పడవ తొయ్యడానికి ఇంకో మనిషి కావాలి. వీడి చదువు మాన్పించడానికి సాకు కోసం ఎప్పటినుంచో చూస్తున్నాడు.

"అయితే పిలువు. వచ్చాయా, కాలేజీకి పో. రాలేదా, ఆ పుస్తకాలు కట్టగట్టి నాతో పడవెక్కు. పెద్దింట్లమ్మ తల్లి సాక్షి!"

పోతురాజు మొహం పాలిపోయింది. పొగగొట్టం పూర్తయ్యేది చూడకుండానే బతుకు కొల్లేట్లో తెల్లారిపోతుందేమోనని వాడి భయం.

పాత రేడియో విప్పాడు. లారీ బ్యాటరీ తెచ్చి తగిలించాడు. స్పీకరుకు సైకిల్ ట్యూబు తొడిగి, నీళ్లు దిగకుండా తారు పూశాడు. ముగ్గురం పడవేసుకుని వెళ్లాం. బావ గుండ్రంగా వల కట్టాడు. వీడు దాని నట్టనడుమ స్పీకరు దించి, దేవుడికి దణ్ణం పెట్టుకుని మీట తిప్పాడు.

మాకేం వినపడలేదు. పడవ మాత్రం వణికింది. నా పళ్లు కదిలాయి. బావ నోట్లో చుట్ట దానంతటదే ఆరిపోయింది. అంతలో నీళ్లు కుతకుతా ఉడికాయి.

"వస్తన్నాయి మామా! వస్తన్నాయి!"

"రావటం కాదురా, పోతన్నాయి!"

వాలుగలు వల మీంచి దూకాయి. జెల్లలు వల చించాయి. కొర్రమీనులైతే గట్టెక్కి, కైకలూరు బస్సు కోసం వరసలో నిలబడ్డాయి. కండక్టరు పాపం మంచివాడు, అన్నిటికీ అరటిక్కెట్టే కొట్టాడు.

బావ నెత్తి కొట్టుకున్నాడు. "ఒరే ఇంజనీరూ! మనం పడవ అంచు మీద కర్రతో దబదబా కొట్టేది ఎందుకురా? చేపలు బెదిరి వలలోకి పోవాలని! నువ్వు వల మధ్యలో కూచుని కొట్టావు!"

"పోనీ, ఈసారి వల బయట పెడతా నాన్నా."

"దేన్ని తోలతావురా? నన్నా?"

మర్నాడు అవతలి లంకవాళ్లు గంపెడు చేపలతో వచ్చారు. "కొండలయ్య గారూ, మా వలలు మొయ్యలేక చస్తన్నామండీ! అబ్బాయి గారికి సెలవులు ఇంకా ఎన్నాళ్లండీ? కాస్త పొడిగించమనండి!"

వాళ్లు అటు పోగానే మా లంకవాళ్లు ఇటు వచ్చారు. వాడు ఊళ్లో ఉన్నంతకాలం చేప తిరిగి రాదన్నారు. "పంపుతావా, మమ్మల్నే ఊరొదిలి పొమ్మంటావా?"

బావ ఇరుకున పడ్డాడు. అమ్మవారి మీద ఒట్టు వేశాడాయె. చాలాసేపు గడ్డం గోక్కుని, కొడుకుని పిలిచాడు.

"చేపలు రాలేదు. నేను మాట తప్పను. పుస్తకాలు కట్టగట్టు. నాతో పడవెక్కు!"

వాడు కళ్లనీళ్లతో కట్టగట్టాడు, పడవెక్కాడు. ఎక్కాక చూస్తే అందులో వాడి ట్రంకు పెట్టె, పచ్చడి జాడీ. పడవ వల దగ్గరికి పోలేదు. బస్సాగే గట్టు వైపు తిరిగింది.

"నాన్నా!"

"కట్టగట్టమన్నా, కట్టావు. ఎక్కమన్నా, ఎక్కావు. ఒట్టు తీరింది. చదువు పూర్తయ్యేదాకా కొల్లేట్లో కాలు కడిగావో, చూసుకో!"

రేవులోంచి అక్క అరిచింది: "ఒరే, ఆ ఫ్రీక్వెన్సీ దొరికితే ముందు నాకు చూపించరా!"

కైకలూరు నుంచి బస్సు తిరిగొచ్చి ఆగింది. వీడు వెళ్లిపోతున్న సంగతి ఎలా తెలిసిందో గాని, కొర్రమీనులు ఒక్కొక్కటే దిగి నీళ్లలోకి జారుకున్నాయి. అన్నీ దిగేదాకా ఆగి పోతురాజు ఎక్కాడు. సీట్లన్నీ తడిసిపోయి ఉండటంతో పాపం కైకలూరు దాకా నిలబడే వెళ్లాడు.