ఇంజనాయిలూ, మూడొందల ఎనభైనాలుగు శెనక్కాయలూ

ఎమ్మిగనూరులో మూడు ట్రాక్టర్లను బాడుగకు తిప్పే బసవన్నకు లోకంలోని యంత్రాలన్నీ ట్రాక్టరు పిల్లలే. మిక్సీ కానీ, బోరు మోటారు కానీ, నిరుడు కొన్న హైబ్రిడ్ కారు కానీ, "ఎన్ని గంటలు తిరిగింది?" అనే అడుగుతాడు. కిలోమీటర్ల లెక్క ఆయనకు గిట్టదు. రోజంతా ఒకే చేలో దున్నే ట్రాక్టరు ఎంత దూరం పోయిందని చెప్తారు? గంటలే చెప్పాలి. రెండువందల యాభై గంటలైతే ఆయిలు మార్చాలి. ముప్పై ఏళ్ళుగా ఆయన చేస్తున్నది ఇదే, ఇంతవరకు ఏ ఇంజనూ ఎదురు చెప్పలేదు.

అంతవరకు బాగానే ఉంది. ఆ గంటల పిచ్చి కారుకెక్కేసరికి బాధంతా భార్య నాగక్క నెత్తిన పడింది.

ఆ కారు కాసేపు బ్యాటరీ మీద పోతుంది, కాసేపు పెట్రోలు ఇంజన్ మీద పోతుంది. ఇంజన్ ఎప్పుడు లేస్తుందో ఎప్పుడు పడుకుంటుందో దాని ఇష్టం. ట్రాక్టర్ల మోతకు చెవులు సగం పోగొట్టుకున్న బసవన్నకు ఆ చప్పుడు వినపడి చావదు. పైగా ఆయన ఎంత వెతికినా గంటల మీటరు కనపడలేదు. అందుకని కారు కొన్న రోజే నాగక్కను పక్కసీట్లో కూర్చోబెట్టి, ఒళ్ళో రెండు స్టీలు డబ్బాలు పెట్టాడు. ఒకదాంట్లో వేయించిన వేరుశెనక్కాయలు, ఇంకోటి ఖాళీ.

"ఈడ చూడు. తెర మీద ఇంజన్ బొమ్మ కాడ్నుంచి బాణం గుర్తు వచ్చిందంటే ఇంజన్ లేచినట్ల. ఐదు నిమిషాలు నడిస్తే ఒక శెనక్కాయ ఈ డబ్బాలో ఎయ్. పండుకుంటే ఆపు."

"ఇదేం ఖర్మయ్యా నాకు? నువ్వే లెక్కబెట్టుకోరాదా?"

"నేను బండి తోలాల గదే!"

నాగక్కకు కడుపు మండేది సరిగ్గా ఆ మాటకే. కారు తోలాలని ఆమెకు ప్రాణం. ఆయనకు చెప్పకుండా రెండు నెలలు డ్రైవింగ్ స్కూలుకు పోయి, పరీక్షలో ఎనిమిది అంకె మీద ఒక్క కర్రా పడగొట్టకుండా తిప్పి, లైసెన్సు తెచ్చుకుంది. తెచ్చుకుని ఎనిమిది నెలలైంది. తాళం అడిగినప్పుడల్లా బసవన్న మీసం దువ్వి, "యంత్రం మనసు తెలిసినోళ్ళే తోలాల" అంటాడు. నాగక్క మూతి ముడుచుకుని డబ్బాలు ఒళ్ళో పెట్టుకుంటుంది. ఆ ఏడాదంతా ఆమె లేకుండా కారు గడప దాటలేదు. మొగుడికి ఎంత ప్రేమో అనుకున్నారు వీధిలో ఆడవాళ్ళు. ప్రేమ కాదమ్మా, శెనక్కాయలు!

రోజూ రాత్రి కాకముందే బసవన్న కాయలు లెక్కపెట్టి, ట్రాక్టర్ల షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో గంటలు రాసేవాడు. ఏడాది తిరిగేసరికి తొంభై ఆరు గంటలయ్యాయి. కారు మాత్రం ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగి, సర్వీసు చేయించమని ప్రతి పొద్దునా తెర మీద పోరు పెట్టడం మొదలుపెట్టింది. నాగక్క కారుతో పాటు వచ్చిన పుస్తకం తీసి చూసింది. పదివేల కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, ఏది ముందొస్తే అప్పుడు ఇంజనాయిలు మార్చాలని ఉంది.

"పుస్తకాలు అట్లే రాస్తారు. తొంభై ఆరు గంటలకు ఆయిలు మారిస్తే ట్రాక్టర్లు నవ్వుతాయి" అన్నాడు బసవన్న. "అదీ సింథటిక్ ఆయిలు. దానికి శావు లేదు. ఇంకో ఏడాదిన్నర దాని పక్క సూడాల్సిన పన్లే."

"ఏడాది అని రాసినారు కదయ్యా."

"ఇంజన్ సగం దినాలు నిద్రే పోతాది. పండుకున్నోడికి అలుపేందే?"

మాటకు మాట పెరిగింది. నెల రోజులు పెరుగుతూనే ఉంది. చివరికి బసవన్న తొడ చరిచినంత పని చేసి, "కర్నూలు పోయి ఆ తెర మీది రాత తుడిపించుకొని వస్తాం. నా లెక్క తప్పని తేలితే తాళం నీ చేతిలో పెడ్తా. ఒప్పయితే జన్మలో తాళం మాటెత్తగూడదు" అన్నాడు.

"సరే" అంది నాగక్క రోషంగా. అన్న తర్వాత గుర్తొచ్చింది. ఖాళీ డబ్బాలో పడాల్సిన శెనక్కాయల్లో చాలావాటిని ఆమె నమిలేసింది. ఆదోనిలో పత్తి బండ్ల వెనక గంటసేపు ఇరుక్కుంటే మనిషి ఏం చేస్తుంది? ఒకటి డబ్బాలో, ఒకటి నోట్లో. పొట్టు కిటికీలోంచి బయటికి. ఆయన లెక్క తప్పని ఆమెకు ముందే తెలుసు. కానీ ఆ మాట చెప్పి గెలవాలంటే పరువు పోతుంది.

కర్నూలు సర్వీసు సెంటర్లో ప్రేమజ్యోతి అనే అమ్మాయి ఎదురొచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయేమో, చేతిలో చిన్న కంప్యూటర్. బసవన్న చెప్పిన కథంతా నవ్వు ఆపుకుంటూ విని, కారుకు తీగ తగిలించి చూసింది.

"సార్, ఇంజన్ నూటా ఇరవై ఎనిమిది గంటలు నడిచింది."

"అబద్ధం!" బసవన్న గొంతుకు పక్కన కార్లు కడుగుతున్నవాళ్ళు కూడా నీళ్ళు ఆపి చూశారు. "తొంభై ఆరు! మీ కంప్యూటర్ తప్పు సెప్తాంది పాపా. మా ఇంటిది లెక్కబెట్టినాది. తిరునాళ్ళకు పోతే చిల్లర పైసా తప్పదు ఆమె. నా మాట నమ్మొద్దు, ఆమె లెక్క నమ్ము. ఇట్లాంటి ఆడమనిషి కర్నూలు జిల్లాలోనే లేదు!"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నలుగురిలో నాగక్కను పొగిడింది ఇదే మొదటిసారి. అయ్యో దేవుడా, ఇప్పుడే పొగడాలా? నోరు మూసుకుంటే పొగడ్త దక్కుతుంది, తాళం పోతుంది. నోరు తెరిస్తే తాళం వస్తుంది, కర్నూలంతా నవ్వుతుంది. ఆమె కొంగుతో నుదురు తుడుచుకుంది. గాజు తలుపు అవతల కారు తళతళలాడుతూ నిలబడి ఉంది. స్టీరింగు కనబడుతోంది.

"తినేసినా" అంది.

"ఏంది?"

"శెనక్కాయలు. ముప్పై రెండు గంటలవి తినేసినా."

ప్రేమజ్యోతి ఆపుకోలేక పక్కకు తిరిగింది. బసవన్న వేళ్ళు మడిచి, పెదాలు కదిపి, లెక్క కట్టాడు. "మూడొందల ఎనభైనాలుగు శెనక్కాయలా!" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది. అంతలోనే తేరుకుని వేలు పైకెత్తాడు. "ఉండుండు! అట్లయితే తప్పింది నీ లెక్క, నాది కాదు. నూటా ఇరవై ఎనిమిదే అనుకో, రెండొందల యాభైకి ఇంకా సగమే. పందెం నాదే!"

"ఓరి నీ తెలివి తగలెయ్య!" అంది నాగక్క. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరువూ పోయె, తాళమూ పోయె.

"సార్, గంటలు పక్కన పెట్టండి. ఒకసారి ఇట్లా రండి" అంది ప్రేమజ్యోతి. కారును పైకెత్తించి, కింద బోల్టు విప్పించింది. పాత ఆయిలు కింద పెట్టిన రేకు తట్టలోకి కారింది. "ట్రాక్టరు పొద్దున లేచిందంటే మధ్యాహ్నందాకా ఆగదు. ఇంజన్ బాగా కాగుతుంది, లోపలి తేమంతా ఆవిరైపోతుంది. ఇది ఐదు నిమిషాలు లేస్తుంది, వెచ్చబడకముందే పడుకుంటుంది. బట్టలు ఆరీ ఆరకముందే మడతపెట్టి పెట్టెలో పెడితే ఏమవుతుంది సార్? అట్లానే ఇందులో తేమ, కాలని పెట్రోలు ఆయిల్లోనే ఉండిపోతాయి. సింథటిక్ ఆయిలు ఎక్కువ రోజులు ఓర్చుకుంటుంది, నిజమే. కానీ మీలాగా ఊళ్ళో చిన్న చిన్న దూరాలు తిప్పేవాళ్ళకు కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికి మార్చాల్సిందే."

బసవన్న ముందుకు వంగాడు. తట్టలో రెండు వేళ్ళు ముంచి, బొటనవేలితో రుద్దాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మొండివాడే కానీ, ఇంజనాయిలు ముందు అబద్ధమాడే మనిషి కాదు.

"నీళ్ళమాదిరి ఉండాది" అన్నాడు చిన్నగా. "పెట్రోలు కంపు కొడ్తాంది."

కొత్త ఆయిలు పోశారు. తెర మీది రాత పోయింది. బసవన్న వేళ్ళు గుడ్డతో తుడుచుకుని, జేబులోంచి తాళం తీసి, ఎవరూ చూడడం లేదని రూఢి చేసుకుని, నాగక్క అరచేతిలో పెట్టాడు. అందరూ చూశారు.

నాగక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుని స్టీరింగు ముందు కూర్చుంది. బటన్ నొక్కింది, చప్పుడు లేదు. గేరు వేసి బ్రేకు మీంచి కాలు తీసింది. కారు మెత్తగా కదిలి గేటు దాటింది. ఎంత ఆనందమంటే, గట్టిగా అరవాలనిపించింది. అరిచింది కూడా. పక్కసీట్లో బసవన్న లేని బ్రేకును కుడికాలితో నొక్కుతూ, "మెల్లగే, లారీ! కుక్క! ఆటో!" అని కనబడినవన్నీ చదువుతున్నాడు.

ఎమ్మిగనూరు రోడ్డు కుడివైపు వచ్చింది. నాగక్క నేరుగా పోనిచ్చింది.

"ఏమే! మన దావ అదీ! ఇది నంద్యాల దావ. యాడికి పోతాండావు?"

"ఏడాది నుంచి స్పేరుపార్టుల అంగళ్ళకు, మోటార్ల షెడ్లకు నీ ఎంబడి వస్తి. 'యాడికి పోదాం నాగీ' అని ఒక్కపారన్నా అడిగినావా?"

ఆ లేని బ్రేకు మీంచి బసవన్న కాలు తీశాడు. కిటికీలోంచి జొన్నచేలను చూశాడు.

"యాడికి పోదాం నాగీ?" అన్నాడు.

"మొదట మహానంది. ఆపైన ఆలోచిస్తా" అంది నాగక్క, ముందున్న లారీని దాటేస్తూ.